మూడు సెకన్ల నిలకడ

చేత పట్టుకున్న కొయ్య బంతి మీదికి, దానికే దారంతో కట్టి ఉన్న కొయ్య పిడిని ఎగురవేసి, రెండో చేయి తగలకుండా నిటారుగా దించి, మూడు సెకన్ల పాటు కదలనీయకుండా నిలబెట్టడమే జపాను ఆట కెండమాలో 'దీపస్తంభం' అనే విద్య. చూసేవారికి అది కనురెప్ప పాటులో ముగిసే చిన్న విన్యాసంగా కనిపించినా, నేర్చుకునేవారికి రోజులు, ఒక్కోసారి వారాలు పట్టే సాధన. ఇటువంటి విద్యను ఇప్పుడు చాలామంది ఒంటరిగా కాక 'వీడియో సవాలు' రూపంలో నేర్చుకుంటున్నారు. అంటే ఒకే విద్యను, ఒకే గడువు లోపల, వేర్వేరు ఊళ్లలో ఉన్నవారు సాధించి, తమ ప్రయత్నాన్ని ఫోనులో చిత్రించి ఒకరితో ఒకరు పంచుకుంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పాఠకులకు కెండమా పేరు కొత్త కావచ్చు గాని, దాని లోపలి ఒడుపు మాత్రం ఈ నేలకు బాగా తెలిసినదే. ఆ ఒడుపు ఎక్కడ ఉందో తెలిస్తే, వీడియో ఏ మేరకు గురువు కాగలదో కూడా తెలుస్తుంది.

కెండమాలో ఉన్నవి ముఖ్యంగా రెండు భాగాలు. మొదటిది సుమారు ఆరు సెంటీమీటర్ల అడ్డుకొలతతో, ఒక వైపు రంధ్రం ఉన్న బంతి. రెండోది పిడి, దాని ఒక కొస మొనదేలి ఉంటుంది, మరో కొసను లోతు తక్కువ గిన్నెలా తొలుస్తారు. పిడికి అడ్డంగా బిగించిన మరో ముక్కకు ఒక పక్క పెద్ద గిన్నె, ఇంకో పక్క చిన్న గిన్నె ఉంటాయి. ఈ మూడు గిన్నెల్లో బంతిని పట్టడం, మొనను రంధ్రంలోకి దించడం, బంతినీ పిడినీ ఒకదానిపై ఒకటి నిలబెట్టడం అనే మూడు పనుల కలయికలతోనే వందలాది విద్యలు పుట్టాయి.

ఎగిరిన బంతిని గిన్నెలోనో ముల్లుకో పట్టే ఆట ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. పదహారో శతాబ్దపు ఫ్రాన్సులో 'బిల్బొకే' పేరుతో రాజాస్థానం దాకా వెళ్లిన ఆట ఇదే. మూడో హెన్రీ రాజుకు దాని మీద మక్కువ ఉండేదని చరిత్రకారులు రాశారు. మెక్సికోలో, ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యుయిట్ ప్రజలలో కూడా దీని చుట్టాలు కనిపిస్తాయి. ఇప్పటి కెండమా రూపం మాత్రం హిరోషిమా ప్రాంతానికి చెందిన హమాజీ ఎగుసా 1918లో రూపొందించిన 'సూర్యచంద్రుల బంతి' నుంచి వచ్చింది. చిత్రిక పట్టే పనికి, అంటే తిరిగే కొయ్యను ఉలితో చెక్కి గుండ్రని వస్తువులు తీసే పనికి పేరున్న హత్సుకైచి పట్టణం దాని తయారీకి కేంద్రమైంది. పిల్లల రచయిత ఇస్సే ఫుజివారా 1975లో జపాన్ కెండమా సంఘాన్ని స్థాపించి, వస్తువు కొలతలకూ విద్యల క్రమానికీ ప్రమాణాలు ఏర్పరచడంతో వీధి ఆటకు మెట్ల వరుస అమరింది. పదో తరగతి నుంచి ఒకటో తరగతి దాకా దిగివచ్చే ఆ వరుసలో పెద్ద గిన్నెలో బంతిని పట్టడం మొదటి మెట్టు కాగా, దీపస్తంభం చివరిదైన ఒకటో తరగతి పరీక్ష. దాని తర్వాత మొదలయ్యేవి ప్రవీణుల శ్రేణులు. 2014 నుంచి హత్సుకైచిలోనే కెండమా ప్రపంచ కప్ జరుగుతోంది.

దీపస్తంభాన్ని చివరి మెట్టు మీద ఎందుకు ఉంచారో అర్థం కావాలంటే, అక్కడ జరిగే పనిని నిదానంగా విడదీసి చూడాలి. ఆటగాడు బంతిని వేళ్లతో పట్టుకుంటాడు. పిడి దారానికి కిందికి వేలాడుతూ ఉంటుంది. వేలాడే పిడి ఊగడం పూర్తిగా ఆగాక, మోకాళ్లను కొద్దిగా వంచి లేస్తూ బంతిని నిట్టనిలువుగా పైకి లాగితే, దారం పిడిని పైకి తెస్తుంది. పిడి బంతి కంటే ఎత్తుకు వెళ్లి, ఇక ఎగరలేక, పడడం మొదలుపెట్టని ఆ లిప్తలో ఆటగాడు బంతిని దాని అడుగున చేర్చాలి. అప్పుడు పిడి అడుగున ఉన్న గిన్నె అంచు బంతి నెత్తి మీద వలయంలా కూర్చుంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో నిలబెట్టడం కంటే అందుకోవడమే కష్టం. ఎగిరిన పిడి పది సెంటీమీటర్లు పడితే దాని వేగం సెకనుకు 1.4 మీటర్లు అవుతుంది. ఒక్క సెంటీమీటరు దగ్గరే అందుకుంటే ఆ వేగం అర మీటరు కూడా ఉండదు. వేగంగా వచ్చి తగిలిన కొయ్య కొయ్య మీద ఎగిరిపడుతుంది. మెల్లగా వచ్చి తగిలినది కూర్చుంటుంది. అందువల్ల నేర్పరి రెండు పనులు ఒకేసారి చేస్తాడు: పిడిని దాని ఎగురు శిఖరం దగ్గరే కలుసుకుంటాడు, కలుసుకున్న వెంటనే మోకాళ్లు వంచుతూ బంతిని కూడా పిడి పడే వేగంతోనే కిందికి దించుతాడు. రెండూ ఒకే వేగంతో దిగుతున్నప్పుడు వాటి మధ్య తాకిడి ఉండదు కనుక, మిగిలినదల్లా ఆ దిగుడును మెత్తగా ఆపడమే.

పిడి ఒకసారి కూర్చున్నాక అది ఎందుకు నిలుస్తుందన్నది రెండో ప్రశ్న. ఒక వస్తువు బరువంతా ఒకే చోట పనిచేస్తున్నట్లు లెక్కించదగిన బిందువును గురుత్వ కేంద్రం అంటారు. ఆ బిందువు నుంచి నేలకు గీసిన నిలువు గీత ఆధారపు హద్దుల లోపల పడినంతసేపు వస్తువు నిలుస్తుంది. దీపస్తంభంలో ఆధారం మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న గిన్నె అంచు. గురుత్వ కేంద్రం దానికి ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల పైన ఉంటుంది. ఈ కొలతలతో లెక్క వేస్తే పిడి సుమారు పది డిగ్రీల వాలును మాత్రమే ఓర్చుకోగలదు. బంతి గుండ్రనిది కాబట్టి, దాన్ని పట్టుకున్న వేళ్లు ఏ కొంచెం తిరిగినా పైనున్న పిడి కూడా అంతే వాలుతుంది. చేయి వణికితే పిడి వణుకుతుంది.

ఇక్కడ కాలం లెక్క కూడా ఉంది. నిటారుగా నిలిపిన కర్ర ఒక పక్కకు ఒరగడం మొదలైతే ఆ ఒరుగుడు క్షణక్షణానికీ హెచ్చుతుంది. మీటరు పొడవున్న కర్రకు ఆ వాలు రెండున్నర రెట్లు దాటడానికి దాదాపు పావు సెకను పడితే, పదిహేడు సెంటీమీటర్ల కెండమా పిడికి సెకనులో పదో వంతు చాలు. కంటితో చూసి చేతితో స్పందించడానికి మనిషికి సుమారు అయిదో వంతు సెకను పడుతుంది. అంటే వేలి కొస మీద పొడవాటి కర్రను నిలిపే పిల్లవాడికి చూసి సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది గాని, పొట్టి పిడిని మోసే వాడికి ఆ వ్యవధి లేదు. అది వాలుతోందని కంటికి తెలిసేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. కాబట్టి ఈ విద్యలో సరిదిద్దుకోవడం కంటే తప్పు రానీయకుండా అందుకోవడం ముఖ్యం, ఆ అందుకోవడాన్ని ఒంటికి అలవాటు చేయడమే సాధన.

పాలమూరు, నల్లగొండ మెట్ట పల్లెల్లో ఇదే శాస్త్రం నెత్తి మీద నడుస్తూ వచ్చింది. గుండ్రని అడుగున్న కుండ చదునైన చోట నిలవదు. తల మీద చుట్టబట్ట పెడితే అది వలయాకారపు ఆధారమై, కుండ బరువును చుట్టూ పంచి, ఒరిగే కుండను తన అంచుతో ఆపుతుంది. దీపస్తంభంలో వలయం పైన ఉండి గుండ్రని వస్తువు కింద ఉంటే, బిందె మోసే తల మీద వలయం కింద ఉండి గుండ్రని వస్తువు పైన ఉంటుంది. యాంత్రిక సూత్రం ఒక్కటే. సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లిలో, ఒకప్పటి నల్లగొండ జిల్లాలో, రెండేళ్లకొకసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరలో గంపలతో, బోనాలతో గుట్ట ఎక్కే స్త్రీలను గమనిస్తే, వారి మెడ నిటారుగా ఉండి మోకాళ్లే ఎగుడుదిగుళ్లను మింగుతుండడం కనిపిస్తుంది. కెండమా నేర్పేవారు మొదటి రోజు నుంచీ 'మోకాళ్లు వంచండి' అని చెప్పేది ఆ పనినే.

నిలకడను ఒక ప్రదర్శన విద్యగా పండించినవారు తెలుగు నేల మీద దొమ్మరులు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శ్రీశైల శివరాత్రి ఉత్సవాన్ని వర్ణిస్తూ, అక్కడ చేరిన ఆటపాటల వారిలో గడల మీద ఆడే వారిని కూడా చెప్పాడు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉమామహేశ్వరం శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరొందిన క్షేత్రం. నల్లమల దారిన వెళ్లే యాత్రికులకు ఆ ఉత్సవం పరాయిది కాదు. తాడు మీద నడుస్తూ చేత పొడవాటి వెదురు పట్టుకునే దొమ్మరికి ఆ పొడవే రక్ష. తిప్పబోతే వస్తువు చూపే మొండితనాన్ని భౌతికశాస్త్రం జడత్వ భ్రామకం అంటుంది. వెదురు ఎంత పొడవైతే ఆ మొండితనం అంత ఎక్కువ, నడిచేవాడు ఒరగడానికి పట్టే సమయం అంత ఎక్కువ, సరిదిద్దుకునే వ్యవధి కూడా అంతే ఎక్కువ. ఇంత లోతైన దేహజ్ఞానాన్ని తరతరాలుగా నిలుపుకొన్న సముదాయానికి చప్పట్లు దక్కాయి గాని గౌరవం దక్కలేదు. ఆ విద్య అంతరించే దశకు రావడానికి ఇది ఒక పెద్ద కారణమని చెప్పక తప్పదు.

పిల్లల ఆటల్లోకి వస్తే గచ్చకాయలే ఇందుకు దగ్గరి ఉదాహరణ. ఎగురవేసిన కాయలను అరచేతి వెనుక వైపు పట్టే ఘట్టంలో, చేయి కాయలకు ఎదురు వెళ్తే అవి చెదిరిపోతాయి. వాటితోపాటే చేయి కాస్త దిగితే నిలుస్తాయి. ఆ ఆట బాగా ఆడిన అమ్మాయికి కెండమా సగం వచ్చినట్టే. బొంగరం సంగతి కొంచెం వేరు. విసిరిన బొంగరాన్ని నేల తగలకముందే తాడుతో వెనక్కి లాగి అరచేతిలో తిరగనివ్వడంలో కూడా చేతి దిగుడే కీలకమైనా, ఒకసారి అరచేతికి వచ్చాక బొంగరాన్ని నిలిపేది దాని భ్రమణం. దీపస్తంభంలో పిడి తిరగకూడదు. తిరిగితే గిన్నె అంచు బంతి మీద జారుతుంది. అందుకే ఎగురవేసే ముందు పిడి ఊగడం, మెలితిరగడం పూర్తిగా ఆగాలని చెబుతారు. బొంగరంలో ఆరితేరిన పిల్లవాడు కెండమా పట్టుకున్నప్పుడు మొదట మానుకోవలసిన అలవాటు చేతి విసురు.

ఈ ఆటలన్నీ ఎవరూ పాఠంగా చెప్పనివే. వాకిట్లో నలుగురు చేరి ఆడుతుంటే, ఒకరి తప్పు మరొకరి కంటపడేది. 'చెయ్యి ముందుకొస్తుంది, వెనక్కి పట్టు' అని పక్కవాడు అనేవాడు. అందరూ ఒకే ఆట ఆడడం, తప్పులు బాహాటంగా జరగడం, చూసిన వెంటనే మాట పడడం అనే ఈ మూడు గుణాలూ ఆ వాకిటికి ఉండేవి. చదువుల కోసం, పనుల కోసం పిల్లలూ పెద్దలూ ఊళ్లు విడిచిన పాలమూరు వంటి వలసల జిల్లాలో ఆ వాకిలి పలచబడింది. వీడియో సవాలుకు విలువ ఉన్నదీ, దాన్ని తేలిగ్గా కొట్టివేయకూడనిదీ ఇందుకే: ఆ మూడు గుణాలలో కొన్నిటినైనా అది దూరాన ఉన్నవారి మధ్య తిరిగి నెలకొల్పగలదు.

సవాలు విసిరి పదిమందిని కలిపే ఈ పద్ధతి తెలంగాణకు పరిచితమే. 2014లో బకెట్‌తో మంచునీళ్లు నెత్తిన కుమ్మరించుకునే సవాలు ప్రపంచమంతా తిరిగినప్పుడు, హైదరాబాద్ పాత్రికేయురాలు మంజులత కళానిధి దాన్ని బకెట్ బియ్యం దానం చేసే సవాలుగా మార్చారు. 2018లో అప్పటి రాజ్యసభ సభ్యుడు జోగినపల్లి సంతోష్‌కుమార్ ప్రారంభించిన గ్రీన్ ఇండియా చాలెంజ్‌లో ఒకరు మూడు మొక్కలు నాటి మరో ముగ్గురిని పిలవాలి. చిన్న వీడియోల వేదికల్లో అందరికీ అలవాటైన టిక్‌టాక్‌ను 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించినా, కొద్ది నెలల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ ఆ చోటును నింపాయి. అయితే బియ్యం ఇవ్వడానికీ మొక్క నాటడానికీ మనసు చాలు. దీపస్తంభానికి మనసుతో పాటు ఒడుపు కావాలి, ఒడుపును ఎవరూ ఒక్క రోజులో చూపించలేరు. ఈ తేడాను గుర్తించని సవాళ్లు గెలిచిన క్షణాలను మాత్రమే పోగు చేసి, కొత్తవారిని నిరుత్సాహపరుస్తాయి.

కెండమా ప్రపంచం చాలావరకు వీడియోల ద్వారానే విస్తరించింది. 2000ల రెండో సగంలో జపాన్ నుంచి అమెరికా, ఐరోపాలకు ఈ ఆటను తీసుకెళ్లిన యువకులు తమ విన్యాసాలను చిత్రించి పంచుకోవడంతో, గురువు దగ్గర్లో లేనివారు కూడా నేర్చుకోగలిగారు. కానీ సాధారణ ఫోను వీడియో సెకనుకు ముప్పై చిత్రాలు తీస్తుంది. పైన చెప్పిన పదో వంతు సెకనులో అది పట్టుకునేది మూడు చిత్రాలే. పిడి శిఖరానికి చేరడం, బంతి దాని కిందికి రావడం, మోకాళ్లు దిగడం అనే అసలు విద్యంతా ఆ మూడు చిత్రాల సందుల్లో మాయమైపోతుంది. కనిపించేది ముందు వేలాడే పిడి, తర్వాత నిలబడిన పిడి మాత్రమే. సెకనుకు 240 చిత్రాలు తీసే నిదాన చిత్రణ సౌకర్యం ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. దానితో తీస్తే అదే వ్యవధిలో ఇరవై నాలుగు చిత్రాలు దొరుకుతాయి. కెమెరాను ముఖానికి ఎదురుగా పెట్టకుండా పక్క నుంచి, మోకాలి నుంచి తల దాకా కనిపించేలా, బంతి ఎత్తుకు సమానంగా ఉంచడం మేలు. పిడి వాలు, మోకాలి వంపు రెండూ ఆ కోణంలోనే కలిసి కనిపిస్తాయి.

చూసి నేర్చుకోవడాన్ని పరిశోధించినవారు మరో విషయాన్ని గుర్తించారు. నిపుణుణ్ణి చూడటంతో పాటు, తమలాగే తడబడుతూ నేర్చుకుంటున్న మరొకరిని, అతనికి అందుతున్న దిద్దుబాటు మాటలతో సహా చూసినప్పుడు, చూసేవారు తప్పును పోల్చుకోవడం, దిద్దుకోవడం కూడా నేర్చుకుంటారు. కాబట్టి మంచి సవాలులో పాల్గొనేవారు గెలిచిన వీడియోతో పాటు ఓడిన ప్రయత్నాలలో రెండు మూడైనా జతచేయాలి. పిడి ఎప్పుడూ ముందుకే పడుతుంటే బంతి ఆలస్యంగా చేరుతోందనో, చేయి ఒంటికి దూరంగా వెళ్తోందనో పక్కవారు చెప్పగలరు. ఎగిరి పడుతుంటే మోకాళ్లు దిగడం లేదని చెప్పగలరు. కదలికలను నేర్చుకోవడంపై అధ్యయనం చేసిన శాస్త్రవేత్త గాబ్రియేల్ వుల్ఫ్ 1990ల చివరి నుంచి చేసిన పరిశోధనలు ఈ మాటలను ఎలా చెప్పాలో కూడా సూచిస్తాయి: నేర్చుకునేవారి దృష్టిని తమ చేయి, మణికట్టు వంటి అవయవాల మీద కంటే వస్తువు మీద, దాని కదలిక మీద ఉంచితే కదలిక సాఫీగా కుదురుతుంది. 'మణికట్టు బిగించు' అనడం కంటే 'గిన్నె అంచును చూస్తూ ఉండు' అనడం ఎక్కువ పనిచేస్తుంది.

వీడియో మరో పని కూడా చేస్తుంది: సాక్ష్యం చెబుతుంది. జపాన్ జాతీయ ప్రసార సంస్థ ఏటా డిసెంబరు 31 రాత్రి ప్రసారం చేసే పాటల కార్యక్రమంలో, గాయకుడు పాడుతుండగా వరుసగా నిలబడిన వారు ఒకరి తర్వాత ఒకరు కెండమా పట్టే గిన్నిస్ రికార్డు ప్రయత్నం 2017 నుంచి ఆనవాయితీగా సాగుతోంది. 2023లో 128 మంది పాల్గొన్న ప్రయత్నం విజయవంతమైనట్లు అక్కడికక్కడే ప్రకటించారు. తర్వాత చిత్రీకరణను పరిశీలించినప్పుడు ఒకరి బంతి గిన్నెలో నిలవలేదని తేలడంతో రికార్డును వెనక్కి తీసుకున్నారు. మూడు సెకన్ల నిలకడకు నియమం పెట్టుకున్న సవాలులో ఇదే కఠినత్వం అవసరం. వీడియోను ముక్కలు చేసి అతికించకుండా, పిడి వేలాడే స్థితి నుంచి మూడో సెకను దాకా ఒకే వరుసలో చూపాలి.

ఈ జిల్లాల బడుల్లో దీన్ని ప్రవేశపెట్టడానికి విదేశీ వస్తువు కోసం ఎదురుచూడనక్కరలేదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో వరాహ నది ఒడ్డున చిత్రిక పట్టి, లక్క రంగులు అద్ది తీసే కొయ్య బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కళను సహజ రంగులతో నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. హత్సుకైచిలో కెండమా తీసే పనిముట్టు, ఏటికొప్పాకలో బొంగరం తీసే పనిముట్టు ఒకే జాతివి. చిత్రిక యంత్రం ఉన్న వడ్రంగి ఎవరైనా గట్టి కొయ్యతో పిడీ బంతీ తీయగలడు. రంధ్రపు అంచును, గిన్నెల అంచులను నునుపు చేయడంలో మాత్రం శ్రద్ధ చూపాలి. దీపస్తంభానికి బంతి నెత్తి అతిగా నున్నగా మెరవకుండా కాస్త పట్టు ఉండడం మంచిది. కొత్తగా రంగు వేసిన బంతి కంటే ఆడి ఆడి అరిగిన బంతి మీద పిడి తేలిగ్గా నిలుస్తుందని ఆటగాళ్లు చెప్పేది ఆ పట్టు గురించే.

సాధనలో క్రమం కూడా ముఖ్యమే. ముందుగా పిడిని రెండో చేత్తో బంతి మీద నిలబెట్టి, ఆ చేయి తీసేసి, నిలకడ ఎలా ఉంటుందో వేళ్లకు తెలియజెప్పాలి. ఆ తర్వాత అలా నిలిచిన పిడితో నాలుగడుగులు నడవాలి. అది కుదిరాక, ఎగురవేసిన పిడి అడుగు గిన్నె బంతిని తాకితే చాలు, నిలవకపోయినా ఫరవాలేదన్న నియమంతో అందుకోవడాన్ని విడిగా సాధించాలి. రెండూ విడివిడిగా వచ్చినవారికి కలిపి చేయడం ఆశ్చర్యకరంగా త్వరగా వస్తుంది. ఒకే పూట గంటల తరబడి చేయడం కంటే పూటకు కొంతసేపు చొప్పున రోజులకు పంచుకోవడం మేలు, ఎందుకంటే చేతి విద్యలు నిద్రలో కూడా స్థిరపడతాయి. సవాలుకు గడువు వారం పది రోజులు పెట్టడానికి ఇదొక మంచి కారణం.

దీపస్తంభం కుదిరిన వారి ముందు ఇంకో సవాలు సిద్ధంగా ఉంటుంది: నిలిచిన పిడిని గాలిలోకి లేపి, ఒక పిల్లిమొగ్గ వేయించి, తిరిగి అదే బంతి మీద నిలబెట్టడం. మొదటి విద్యలో పిడి తిరగకూడదు, ఇందులో సరిగ్గా ఒక్క చుట్టే తిరగాలి. లేపే చేయి ఎక్కువ విసిరితే చుట్టు మించుతుంది, తక్కువైతే పిడి అడ్డంగా పడుతుంది. మోకాళ్ల దిగుడు మాత్రం రెండింటిలోనూ ఒక్కటే.